చెప్పుల్లో చెయ్యి పెట్టే మనిషి

మొన్న మంగళవారం పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే బావ ఫోను చేశాడు. బావ అంటే మా అక్క భర్త, నౌపడలో ఉప్పు పండిస్తాడు. మామూలుగా ఫోను ఎత్తగానే వానని, ఉప్పు ధరని, కరెంటువాళ్ళని వరసగా తిట్టాక గానీ అసలు సంగతికి రాడు. ఆ రోజు తిట్లేమీ లేవు. "డ్రస్సింగమ్మ పోయిందిరా" అన్నాడు. ఇంకేదో అనబోయి ఫోను పెట్టేశాడు.

సగం గీసిన గడ్డంతో అద్దం ముందు అలాగే నిలబడిపోయాను. ఆ అద్దం ఆవిడ ఇచ్చిందే. గడ్డం గీసుకోమని ఇచ్చింది కాదు. ఆ సంగతి చెబుతాను గానీ, ముందే ఒక మాట. ఆ ఫోను వచ్చిన దగ్గర్నుంచి నేను ఒకచోట కూర్చోలేకపోతున్నాను, ఈ రాత కూడా అలాగే ఉంటుంది. వరస తప్పితే సర్దుకోండి.

ఆవిడ పేరు నాకు తెలుసు, రాయను. నరసన్నపేటలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండేది. మిషను ఆసుపత్రిలో పుళ్ళు కడిగి కట్లు కట్టే గదిలో పనిచేసి రిటైరైంది. అందుకే డ్రస్సింగమ్మ. పొట్టి మనిషి, తెల్ల చీర, భుజాన గుడ్డసంచి. సంచిలో దూది, గాజుగుడ్డ, కత్తెర, చర్చి పాటల పుస్తకం అన్నీ కలిసిపోయి ఉండేవి. పాటల పుస్తకం తీస్తే స్పిరిట్ వాసన వచ్చేది.

తల వంచుకుని నడిచేది. అణకువ అనుకునేవాణ్ణి. కాదు, ఎదురొచ్చేవాళ్ళ కాళ్ళు చూడ్డానికి. మా ఆవిడని ముఖం చూసి గుర్తుపట్టేది కాదు, మడమల పగుళ్ళు చూసి గుర్తుపట్టేది. బజార్లో కనబడితే "బాగున్నారా" అనేది కాదు. పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ చుట్టూ ఉండగానే, "ఏటి మేస్టారూ, అరికాలు సూసుకున్నారా ఇయాల?" అని గట్టిగా అడిగేది. హైస్కూల్లో సోషల్ చెప్పే మనిషిని నడిరోడ్డు మీద అరికాలి గురించి అడిగితే ఎలా ఉంటుంది? ఆవిడ సందు మొదట్లో కనబడితే నేను ఇంకో సందులోకి తిరిగిన రోజులున్నాయి.

కూర్చునేది కాదు. ఎవరింటికొచ్చినా నిలబడే టీ తాగేది, నిలబడే మాట్లాడేది, మాట మధ్యలో గుమ్మం దాకా వెళ్ళి వచ్చేది. కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడేది. చూసేవాళ్ళకి కాళ్ళు పీకేవి.

అన్నిటికంటే పెద్ద వింత చెప్పులు. ఏ ఇంటికి వెళ్ళినా గడప దాటే ముందు వంగి, బయట విడిచిన చెప్పులన్నిట్లో చెయ్యి పెట్టేది. మడమ దగ్గర్నుంచి వేళ్ళ దాకా అరచేత్తో మెల్లిగా తడిమేది. తిరగేసి అట్ట చూసేది. చెప్పు ముట్టుకోవడమంటే మనకుండే పట్టింపులు మీకు తెలియనివి కావు. మా ఆవిడ మొదట్లో చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడేది, ముందు చెయ్యి కడుక్కోమని. "మనిషి కాలెట్టిన సోట నాను సెయ్యెట్టకూడదేటమ్మా?" అంది ఒకసారి. మా ఆవిడ చెంబు లోపల పెట్టేసింది.

ఆదివారాలు మాకు పదో తరగతి స్పెషల్ క్లాసులుండేవి. మా బడి గోడ అవతలే చర్చి. లోపల మొదటి పాట అందుకునేసరికి ఈవిడ ఒక్కతే బయట, చెప్పుల కుప్ప దగ్గర. దొరికిన మేకులు, రాళ్ళు, తుమ్మముళ్ళు ఒక డబ్బాలో వేసేది. ఎవరి చెప్పులోనైనా తడి తగిలితే ఆ చెప్పు పట్టుకుని నేరుగా లోపలికి వెళ్ళి మనిషిని వెతికేది. ఒకరోజు పాస్టరుగారు బయటికొచ్చి, ప్రార్థనకి రమ్మని బతిమాలుతుంటే విన్నాను. "దేవుడు మనసులు సూస్తాడు బాబూ, నాను కాళ్ళు సూస్తాను. ఎవలి పని ఆళ్ళది" అంది. ఆయన నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఎందుకింత చాదస్తం అని నేనే అడిగాను ఒకసారి, కొంచెం విసుగ్గానే. "సుగరున్నోడి కాలు నోరెత్తదు మేస్టారూ. మేకు దిగినా తెలీదు, బొబ్బెక్కినా తెలీదు. మనవే ఎల్లి అడగాల" అంది. అప్పటికి నాకు సుగరు లేదు. ఈ మాట ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేశాను. నాకు సుగరొచ్చి ఇప్పుడు మూడేళ్ళు.

ఇక అద్దం సంగతి. ఆరేళ్ళ కిందట మాఘమాసంలో మేడ మీద రెండు గదులు వేసి గృహప్రవేశం చేశాం. ఆవిడ వచ్చింది. గడప బయట దాదాపు అరవై జతలు, అన్నీ తడిమాకే లోపలికొచ్చింది. న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం మా ఆవిడ చేతిలో పెట్టింది. విప్పితే గుండ్రటి అద్దం. మా ఆవిడ మురిసిపోయి ముఖం చూసుకోబోయింది.

"ముకానికి కాదమ్మా. కిందెట్టి, దాని మీద కాలు సాపి అరికాలు సూసుకోవాల, ఇద్దరూను. ముకం పదిమందీ సూస్తారు. అరికాలు మనం తప్ప ఎవలు సూస్తారు?"

ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా ఆవిడ ఇచ్చేది అదే. ఆ లెక్కన పేటలో సగం మంది ఆవిడ అద్దాల్లోనే తల దువ్వుకుంటున్నారు. నేను కూడా మర్నాడే మేకు కొట్టి స్నానాలగదిలో తగిలించాను.

ఆ రోజు మేడ మీద భోజనాల వరసలో బావ కూర్చున్నాడు. బావకి కబుర్లు చెబితే గానీ ముద్ద దిగదు. పక్కనున్నవాళ్ళకి ఉప్పుమడి గొప్పలు చెబుతున్నాడు. కొత్తగా మడిలో దిగినవాడు నెల్లాళ్ళు ఏడుస్తాడట. కాలికి వెంట్రుకంత గీత ఉన్నా ఉప్పునీరు నిప్పు పెడుతుందట. ఎక్కడ గీసుకుందో మనకి తెలియకపోయినా పొద్దున్న మొదటి అడుగులో ఉప్పే చెప్పేస్తుందట. ఏళ్ళ తరబడి తొక్కితే కాలు గట్టిపడి, మంట తగ్గుతుంది. అలాంటివాణ్ణి చూపించి 'వాడి కాలు పండింది' అంటారు వాళ్ళ మడుల్లో. అది పెద్ద పనివాడికిచ్చే బిరుదులాంటిది.

"ఇన్నాళ్ళకి నా కాలూ పండిపోనాదిరా" అన్నాడు బావ నాతో, అందరికీ వినబడేటట్టు. "ఈయేడు ఉప్పు సురుక్కుమన్నాదే నేదు. మొన్న రేకు కోసీసి రగతం వొచ్చినాది. మడిలో దిగిపోనాను. ఏటీ నేదు."

గోడవారగా నిలబడి పళ్ళెం చేత్తో పట్టుకుని తింటున్న డ్రస్సింగమ్మ ముద్ద ఆపింది.

"ఉప్పు మండట్లేదా నాయనా?"

"నేదమ్మా" అన్నాడు బావ ఛాతీ విరుచుకుని.

ఆవిడ పళ్ళెం పిట్టగోడ మీద పెట్టేసింది. విస్తళ్ళ మధ్యలోంచి వచ్చి, వడ్డించేవాళ్ళని తోసుకుని, బావ ముందు మోకాళ్ళ మీద వాలి ఎడమ పాదం లాగి పట్టుకుంది. వరసంతా గొల్లున నవ్వింది. "ఓలమ్మ, తింటన్నానమ్మా" అని బావ కాలు వెనక్కి లాక్కుంటున్నాడు. బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంది, దాని మధ్య నల్లటి చుక్క. ఆవిడ వేలితో నొక్కితే పక్కనుంచి తడి చిప్పిల్లింది. బావని కళ్ళు మూసుకోమంది. నా జేబులోంచి పెన్ను లాక్కుని, దాని మూతతో ఆ కాయ చుట్టూ గట్టిగా పొడిచింది.

"ఎక్కడ ముడతన్నాను?"

"ముట్టు ముందు. అప్పుడు సెప్తాను" అన్నాడు బావ, కళ్ళు మూసుకునే.

నవ్వులు ఆగిపోయాయి. సుగరుందా అని అడిగింది. ఉంది, గుర్తొచ్చినపుడు బిళ్ళ వేసుకుంటాను అన్నాడు. అది కాయ కాదని, లోపల పుండు ఉందని, కాలు పండలేదు, స్పర్శ చచ్చిందని అందరి ముందూ చెప్పేసింది. మర్నాడే ఆసుపత్రికి రావాలి, ఆ కాలు నేల మీద మోపకూడదు, ఉప్పులో అసలే పెట్టకూడదు అంది.

"సీజను గదమ్మా. వానలు పడనీ, వస్తాను."

"వానలదాకా ఆ కాలుండదు నాయనా."

శుభమా అని గృహప్రవేశం చేసుకుంటుంటే ఇదేం మాట అని నాకు ఒళ్ళు మండింది. బావకీ మండింది. పెరుగన్నం తినకుండా లేచిపోయాడు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఆవిడ టెక్కలి బస్సెక్కేది. అక్కడ దిగి ఆటోలో నౌపడ, అక్కణ్ణుంచి మడిగట్ల మీద నడక. ఎవరు పంపారు? ఎవరూ పంపలేదు. దూరాన తెల్లచీర కనబడగానే పనివాళ్ళు ఈల వేసేవారు, బావ ఉప్పుగుట్ట వెనక్కి నక్కేవాడు. ఆవిడ మా అక్క చేతికి దూది, గాజుగుడ్డ ఇచ్చి, ఎలా కట్టాలో చూపించి వెళ్ళిపోయేది. అక్క కట్టు కట్టేది. బావ దాని మీద ప్లాస్టిక్ సంచి చుట్టుకుని మడిలో దిగేవాడు. ఉప్పుని మించిన మందేముందని వాదన. మంట లేదు కాబట్టి పుండు మానిపోతోందని నమ్మకం. ఉప్పు తొక్కేవాడు తప్ప ఇంకెవడూ అలా నమ్మడు. అక్క ఫోనుచేసి ఏడిస్తే నేను కూడా బావ మాటే చెప్పాను: ఆవిడ చాదస్తం నీకు తెలీదు, ఊరుకో అని.

మూడో శుక్రవారం ఏదో సెలవు. బావకి జ్వరమంటే నౌపడ వెళ్ళాను. లోపలి గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. గదిలో చెడ్డ వాసన. ఎండుచేపలేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

"ఒరే, ఆవిడొస్తాది ఇయాల. నాను ఇంట్లో లేనని సెప్పు. పలాస ఎల్లినానని సెప్పీ" అన్నాడు. "ఎల్తే కాలు కోసెస్తారురా. కాలు నేకపోతే మడెవడు దిగుతాడు? ఇంట్లో కూకుని నానేటి సెయ్యాల?" నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి కాలిపోతోంది.

అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించే మనిషిని నేను. వీధిగుమ్మంలో అడ్డంగా నిలబడి, ఆవిడ రాగానే, "బావ లేడండీ, పొద్దున్నే పలాస వెళ్ళాడు. చీకటి పడితే గానీ రాడు" అన్నాను. తడబడలేదు కూడా. అక్క నా వెనక తల దించుకుంది.

ఆవిడ నా ముఖం చూడలేదు. గుమ్మం పక్కన విడిచిన చెప్పులు చూసింది. వంగి, బావ నీలం హవాయి చెప్పు, ఎడమది, తీసుకుని లోపల అరచెయ్యి పెట్టింది. తీసి వేళ్ళు చూసుకుంది. వాసన చూసింది. చెప్పు ఎక్కడిదక్కడ పెట్టేసింది. అప్పుడు వెళ్ళి అరుగు మీద కూర్చుంది.

కూర్చుంది! ఇన్నేళ్ళలో నేను చూడనిది.

"పలాస నుంచి వొచ్చీదాకా ఉంటాను మేస్టారూ" అంది.

టీ వద్దంది. అన్నం వద్దంది. చెప్పులో పెట్టిన చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. చెయ్యి కడుక్కోమని అక్క నీళ్ళు తెస్తే, "ఉండనీ అమ్మా, ఆడు సూడాల" అంది. ఎండ అరుగు మీదికి ఎక్కింది, ఆవిడ జరగలేదు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగాను. లోపలికి వెళితే బావ 'పోయిందా' అని చేత్తో అడిగేవాడు. బయటికొస్తే ఆవిడ చెయ్యి. మళ్ళీ లోపలికి. ఆవిడ మీద కోపం, బావ మీద కోపం, ఈ దిక్కుమాలిన ఉప్పు మీద కోపం. వెళ్ళి నిజం చెప్పెయ్యడానికి పది అడుగులు చాలు, ఆ పది అడుగులూ వెయ్యలేదు. గంటన్నర, రెండు గంటలు, మూడు గంటలు. బెంచీ ఎక్కిన పిల్లలకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

చివరికి బావే గోడ పట్టుకుని కుంటుకుంటూ బయటికొచ్చాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏటమ్మా నీ గోల? నానేటవుతాను నీకు?" అని అరిచాడు.

ఆవిడ లేవకుండానే ఆ చెయ్యి ముందుకి చాపింది. "వాసన సూడు."

బావ వంగి చూశాడు. ఒక్కసారి వెనక్కి తగ్గి, అరుగు మీద కూలబడ్డాడు. "ఇది నాదేనా?" అన్నాడు చిన్నగా.

"నీదే నాయనా. లే, ఆటో పిలుస్తాను."

రెండు వేళ్ళు తీసేశారు. పాదం మిగిలింది. ఇంకో రెండురోజులు ఆగి ఉంటే మోకాలి కింది దాకా తీసేవాళ్ళమని డాక్టరు చెప్పాడు. ఆ రెండురోజులూ నేను బావకి ఇవ్వబోయినవే.

ఆసుపత్రి వరండాలో ఆవిడ దగ్గరికెళ్ళి, క్షమించండి అన్నాను. మళ్ళీ మామూలుగా అటూ ఇటూ తిరుగుతోంది. "జోళ్ళు బయట ఒగ్గీసి అబద్దం సెప్పినారు. దాసి ఉంటే ఎల్లిపోదును" అంది. కాసేపటికి తనే చెప్పింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే, ఎవరో రైతు కాలికి గుడ్డ చుట్టుకుని తలుపు దగ్గరికొచ్చాడట. తిని వస్తాను కూర్చోమంది. తిని వచ్చేసరికి మనిషి లేడు. ఆలస్యమైతే బస్సు పోతుందని వెళ్ళిపోయాడట. తర్వాతి వారం అతన్ని మంచం మీద మోసుకొచ్చారు. "అప్పట్నుంచి కూకుంటే ఎవలో ఎల్లిపోతన్నట్టుంటాది మేస్టారూ" అంది. ఆవిడ మీద నాకున్న చిరాకంతా అక్కడే పోయింది. సిగ్గు మిగిలింది.

నెలల తరబడి బావని కదలనివ్వలేదు, తనే కట్టు కట్టింది. మెత్తటి అట్టతో ప్రత్యేకం చెప్పులు కుట్టించింది. బావ ఇప్పటికీ మడి చేస్తాడు, గట్టు మీద నిలబడి, ఆ చెప్పులతో. నాలుగేళ్ళ కిందట ఆవిడ కొత్తవలసలో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయింది. అయినా సోమవారం సోమవారం బావకి ఫోను. 'సూసుకున్నావా' అంటే 'సూసుకున్నాను' అంటే సరిపోదు. అద్దం ముందు పెట్టుకుని, ఏం కనబడుతోందో ఒక్కొక్కటీ చెప్పాలి. నాకూ రెండు మూడుసార్లు చేసింది. పనిలో ఉన్నానండీ అన్నాను.

బుధవారం నేనూ బావా రైలెక్కి కొత్తవలస వెళ్ళాం. అంతదూరం పాత చెప్పులేం బాగుంటాయని కొత్త బూట్లు వేసుకున్నాను. ఆవిణ్ణి పడుకోబెట్టిన పెట్టె చుట్టూ జనం ముఖం చూసి దణ్ణం పెట్టుకుంటున్నారు. బావ కాళ్ళ వైపు వెళ్ళి నిలబడ్డాడు. మేనకోడల్ని ఏదో అడిగాడు. ఆ అమ్మాయి ఏడుస్తూనే దుప్పటి కొంచెం పైకి తీసింది. బావ వంగి రెండు అరికాళ్ళూ చాలాసేపు చూశాడు. "ఒక్క గీత నేదురా" అన్నాడు నాతో, కళ్ళు తుడుచుకుంటూ.

బయటికొచ్చి చూస్తే గుమ్మం నిండా చెప్పులు. బావ గొంతుక్కూర్చుని ఒక్కో చెప్పులో చెయ్యి పెడుతున్నాడు. ఎవరో ముసలాయన అనుమానంగా, "ఎవలివి ఎతుకుతన్నావు బాబూ?" అన్నాడు. "అందరివీ" అన్నాడు బావ.

తిరిగొచ్చేటప్పుడు ఆయనతోపాటు నౌపడలో దిగిపోయాను. ఆ రాత్రి మేజోళ్ళు కూడా విప్పకుండా పడుకుని, గురువారం పొద్దున్న వాటి మీదే బూట్లు తొడుక్కున్నాను. ఇద్దరం మడిగట్టు మీదికి వెళ్ళాం. ఇసక దూరిందని బూటు విప్పితే కుడి మేజోడు మడమ దగ్గర అట్టకట్టి ఉంది. నల్లగా, ఎండిన రక్తం. లాగితే చర్మం ఊడొచ్చింది. రూపాయి బిళ్ళంత ఎర్రటి పుండు. ముందురోజంతా ఆ బూటుతో నడిచాను, నిలబడ్డాను, రైలెక్కాను, దిగాను.

బావ చూశాడు. మడి వైపు చెయ్యి చూపించి, "కాలెట్టు" అన్నాడు.

పెట్టాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో చెప్పలేను. అడుగున కొత్త ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. మంట కోసం చూశాను. జీవితంలో నొప్పి కోసం అలా ఎదురుచూడలేదు.

"మండతన్నాదా?"

"మండతన్నాది బావా" అన్నాను.

నలభై ఏళ్ళు ఉప్పు తొక్కినవాడికి, మంట తగిలిన కాలు ఎలా ఉంటుందో తెలియదా. నా కాలి వేళ్ళు కనీసం ముడుచుకోలేదు. అవతల పనివాళ్ళు ఆయన్ని పిలుస్తున్నారు. బావ వాళ్ళ వైపు చూడలేదు. చేతికర్ర పక్కన పెట్టి, గట్టు మీద కూర్చున్నాడు.

"పిలుస్తన్నారు, లే బావా" అన్నాను.

"నువ్వు పలాస నుంచి వొచ్చీదాకా ఇక్కడే కూకుంటాను" అన్నాడు.

నేను నీళ్ళలోంచి కాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను.